ఎదుటివారి నష్టానికి మనం ఎంత ఇన్సూరెన్సు పెట్టుకోవాలి?

(విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గురించి, క్రమశిక్షణ గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదిక మీద ఉన్నారు. నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, కౌంటరులోనే రిటైరైన మనిషిని. నాకు తెలిసింది జమాఖర్చు. అందుకని జమాఖర్చుకు సంబంధించిన ఒక విషయమే మాట్లాడమని కార్యదర్శిగారు చెప్పారు. అది లయబిలిటీ ఇన్సూరెన్సు. తెలుగులో చెప్పాలంటే బాధ్యతా బీమా. మన వల్ల ఎదుటివారికి ప్రాణనష్టమో, అంగనష్టమో, ఆస్తినష్టమో జరిగితే మన తరఫున ఇన్సూరెన్సు కంపెనీ చెల్లించేది.

ఇది ఈ సభలో ఎందుకు అని అడగవచ్చు. మన హోసూరు పిల్లల్లో చాలామంది ప్లస్ టూ దాటగానే బండి మీద బెంగళూరు వైపు కాలేజీకి పోయి వస్తున్నారు. ఇంకొందరు పై చదువులకు అమెరికా వెళుతున్నారు. ఇద్దరికీ ఈ లెక్క అవసరం. ఇక్కడ ఒక రకంగా, అక్కడ ఇంకో రకంగా.

మనవాళ్లకు జీవిత బీమా తెలుసు, హెల్త్ ఇన్సూరెన్సు కూడా ఇప్పుడు తెలిసింది. ఆ రెండూ మనకు కష్టం వస్తే మనకు వచ్చే డబ్బు. బాధ్యతా బీమా డబ్బు మన చేతికి రాదు, ఎదుటివారికి పోతుంది. ‘మనకు రాని డబ్బుకు ప్రీమియం ఎందుకు’ అనే ఆలోచన అక్కడే పుడుతుంది. బ్యాంకులో వెహికల్ లోను తీసుకున్నవారు, బ్యాంకు కాయితం అడుగుతుంది గనుక ఏటా ఇన్సూరెన్సు కట్టేవారు. అప్పు తీరిన మరుసటి ఏడు పాలసీ కూడా ఆగిపోయేది. అడిగితే, ‘ఇంక ఎవరికి చూపించాలి సార్?’ అనేవారు. ఎవరికి చూపించాలో ఈ రోజు చెబుతాను.

నష్టపరిహారం ఎలా లెక్క కడతారు?

మొదట ఒక అపోహ పోవాలి. ‘నా దగ్గర ఏముంది, నా మీద కోర్టు ఎంత వేస్తుంది?’ అనుకుంటాం. ట్రిబ్యునల్ మన సంపాదన చూడదు. ప్రాణం పోయిన మనిషి సంపాదన, వయసు, ఆయన మీద ఆధారపడినవారు ఎందరు అన్నది చూస్తుంది. సుప్రీం కోర్టు 2009లో సరళా వర్మ కేసులోను, 2017లో ప్రణయ్ సేఠీ కేసులోను దీనికొక పద్ధతి ఏర్పరిచింది. కామర్స్ విద్యార్థులు నోట్సు రాసుకోవచ్చు.

ఉదాహరణకు, 35 ఏళ్ల మనిషి. ఒక ప్రైవేటు షాపులో నెలకు 30,000 జీతం. భార్య, ఇద్దరు పిల్లలు. రోడ్డు దాటుతుండగా ఎవరో కుర్రవాడి బండి గుద్ది మరణించాడు.

ఏడాది ఆదాయం 3,60,000. బతికుంటే ఆదాయం పెరిగేది గనుక, పర్మనెంటు కాని ఉద్యోగంలో 40 ఏళ్ల లోపు వారికి 40 శాతం కలపాలి. అప్పుడు 5,04,000. ఆయన సొంత ఖర్చు కింద, ఆధారపడినవారు ఇద్దరో ముగ్గురో ఉంటే మూడో వంతు తీసేస్తారు. మిగిలింది 3,36,000. 31 నుంచి 35 ఏళ్ల వయసుకు గుణకం 16. హెచ్చవేస్తే 53,76,000. అంత్యక్రియల ఖర్చు, కుటుంబానికి కలిగిన లోటు వంటివి దీనికి అదనం. వడ్డీ కూడా ఉంటుంది.

ఆ మనిషే 28 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, పర్మనెంటు ఉద్యోగం, పన్ను పోను నెలకు లక్ష వస్తోంది అనుకోండి. అప్పుడు కలపవలసింది 50 శాతం, గుణకం 17. ముగ్గురు ఆధారపడినవారు ఉంటే 2,04,00,000 అవుతుంది. రెండు కోట్ల నాలుగు లక్షలు. గుద్దినవాడు కాలేజీ కుర్రవాడా, కూలి మనిషా అన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. మన రోడ్డు మీద, ఎలక్ట్రానిక్ సిటీ దాకా, అలాంటి ఇంజనీర్లు రోజుకు ఎన్ని వేలమంది పోతున్నారో మీకే తెలుసు.

కాబట్టి ‘ఎంత బీమా కావాలి’ అన్నదానికి మొదటి సూత్రం ఇది. మన ఆస్తిని బట్టి మాత్రమే లెక్క వేసుకోకూడదు. మన వల్ల ఎదుటివారికి ఎంత నష్టం జరగగలదో దాన్ని బట్టి వేసుకోవాలి.

మన దేశంలో: ఎంత అన్నది కాదు, నిలుస్తుందా అన్నది

ఒక మంచి మాట చెబుతాను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి మోటారు బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. ఆ పాలసీలో మూడో మనిషి మరణానికి, గాయాలకు పరిమితి లేదు. యాభై లక్షలైనా, రెండు కోట్లైనా, ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంత కంపెనీ కట్టాలి. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టికలో 75 సి.సి. దాటి 150 సి.సి. లోపు బండికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు. 1000 సి.సి. లోపు కారుకు 2,094. పన్ను అదనం. పరిమితి లేని బాధ్యతను ఇంత తక్కువకు ఇంకెక్కడా కొనలేరు.

ఎదుటివారి ఆస్తికి జరిగే నష్టానికి మాత్రం హద్దు ఉంది. సాధారణంగా టూ వీలరుకు లక్ష రూపాయలు, కారుకు ఏడున్నర లక్షలు. ప్రీమియంలో కొద్ది రూపాయల తగ్గింపు కోసం దీన్ని 6,000 రూపాయలకు కుదించుకునే వీలు కొన్ని పాలసీల్లో కనిపిస్తుంది. అలా కుదించుకోకండి. ఇప్పటి కారుకు ఒక దీపం పగిలినా 6,000 సరిపోదు.

కనుక ఇక్కడ మనం మొత్తం గురించి బెంగ పడనక్కరలేదు. పాలసీ అవసరమైన రోజున నిలబడుతుందా అన్నదే చూసుకోవాలి. అది పడిపోయే సందర్భాలు చెబుతాను.

ఒకటి, గడువు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూ వీలరుకు ఐదేళ్లకు, కొత్త కారుకు మూడేళ్లకు థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. మంచిదే. కానీ ఆరో ఏడు ఎవరూ గుర్తు చేయరు. అన్నకు కొన్న బండి ఐదేళ్ల తరువాత తమ్ముడి చేతికి వస్తుంది. సరిగ్గా అప్పుడే ఇన్సూరెన్సు అయిపోయి ఉంటుంది. గడువు దాటిన మరునాడు ప్రమాదం జరిగినా మొత్తం సొమ్ము బండి యజమానే కట్టుకోవాలి.

రెండు, లైసెన్సు. లైసెన్సు లేనివారు నడిపితే ఏమవుతుందో 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. బాధితుడికి కంపెనీ ముందు కట్టి, ఆ తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. అంటే బాధితుడికి న్యాయం జరుగుతుంది, మనకు మాత్రం బీమా లేనట్టే. గేరు లేని బండికి తీసుకున్న లైసెన్సుతో గేరు బండి నడపడం కూడా ఇందులోకే వస్తుంది. పద్దెనిమిది నిండని పిల్లలకు బండి ఇచ్చే తల్లిదండ్రులు ఇంకొకటి తెలుసుకోవాలి. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన 199ఎ సెక్షన్ ప్రకారం సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ట్యూషనుకు ఆటో ఖర్చు మిగులుతుందని చూసుకుంటే జరిగేది ఇదీ.

మూడు, పేరు మార్పు. ఇది చాలామందికి తెలియదు. నేను పనిచేసిన ఒక శాఖలో ఒక ఖాతాదారుకు పాత స్కూటరు ఉండేది. తెలిసినవాళ్ల ద్వారా అమ్మేశారు, ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేశారు. కొన్నవాడు ఆర్.సి.లో పేరు మార్చుకోలేదు, ఇన్సూరెన్సు కట్టలేదు. రెండేళ్ల తరువాత ఆ స్కూటరు ఒకరిని గుద్దింది. కొన్నాళ్లకు మా బ్యాంకుకు కోర్టు నుంచి గార్నిషీ ఆర్డరు వచ్చింది. కామర్స్ పిల్లలకు ఈ మాట పుస్తకంలో వస్తుంది. అప్పు తీర్చవలసిన మనిషి డబ్బు మీ దగ్గరుంటే దాన్ని ఆపి కోర్టుకు పంపండి అని బ్యాంకును ఆదేశించడం. ఆయన ఖాతాలో ఉన్నది కూతురి ఇంజనీరింగ్ ఫీజుకు దాచిన ఫిక్సెడ్ డిపాజిట్. ‘నేను అమ్మేశాను కదా బాబూ’ అని ఆయన కౌంటరు దగ్గర నిలబడి అడుగుతుంటే మా దగ్గర జవాబు లేదు. ఆర్డరు వచ్చాక బ్యాంకు చేయగలిగింది ఏమీ ఉండదు. ఆర్.సి.లో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీం కోర్టు కూడా నిర్ధారించింది. చదువు అయిపోయి ఊరు వదిలేటప్పుడు బండి స్నేహితుడికి అమ్మే పిల్లలు ఫారం 29, ఫారం 30 ఆర్.టి.ఓ. ఆఫీసులో దాఖలై, ఆర్.సి.లో పేరు మారిందని కళ్లతో చూశాకే ఆ సంగతి మరిచిపోండి. కొన్నవారు పద్నాలుగు రోజుల్లోగా ఇన్సూరెన్సు కంపెనీకి కూడా తెలియజేయాలి.

నాలుగు, వాడకం. సొంత వాడకానికి ఇన్సూరెన్సు చేసిన బండి మీద సాయంత్రాలు భోజనం పార్సిళ్లు అందించే పిల్లలు ఉన్నారు. కష్టపడి చదువుకుంటున్నారు, సంతోషం. కానీ పాలసీలో ‘వాడకం’ అనే చోట ఏం రాసి ఉందో చదవండి. సందేహం ఉంటే కంపెనీకి రాతపూర్వకంగా రాసి, జవాబు దాచుకోండి.

ఐదు, వెనక కూర్చున్నవారు. వట్టి థర్డ్ పార్టీ పాలసీలో బండి వెనక ఊరికే ఎక్కించుకున్న స్నేహితుడికి కంపెనీ బాధ్యత లేదని 2006లో సుప్రీం కోర్టు తీర్పు ఉంది. ప్యాకేజీ పాలసీ, అంటే కాంప్రెహెన్సివ్ తీసుకుంటే వెనక కూర్చున్నవారికి వర్తిస్తుంది. రోజూ ఒకరిని ఎక్కించుకుని కాలేజీకి పోయే పిల్లవాడి బండికి ప్యాకేజీ పాలసీ అవసరమని నా అభిప్రాయం.

ఇక ఈ మధ్య వచ్చిన చిన్న ఎలక్ట్రిక్ బండ్లు. వేగం గంటకు 25 కిలోమీటర్లు, మోటారు 250 వాట్లు దాటనివాటిని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. రిజిస్ట్రేషను లేదు, ఇన్సూరెన్సు అడగరు. కానీ అది గుద్ది ఒక ముసలాయన తుంటి విరిగితే ఆయన సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. ఇన్సూరెన్సు అక్కరలేదు అంటే బాధ్యత లేదు అని అర్థం కాదు.

మీ పాలసీ నిలబడకపోతే సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? ట్రిబ్యునల్ సర్టిఫికెట్ ఇస్తే కలెక్టరు భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు. డిపాజిట్లు, ఇల్లు, జీతంలో కొంత భాగం, అన్నిటి మీదికీ వస్తుంది. కాయితం ఎవరికి చూపించాలి అన్నదానికి నా జవాబు ఇది.

అమెరికాలో: అక్కడ మొత్తం మనమే తేల్చుకోవాలి

ఇప్పుడు విదేశం వెళ్లేవారి సంగతి. అమెరికాలో కారు లేనిదే చాలా ఊళ్లలో కదలలేరు. వెళ్లిన కొన్ని నెలలకే పిల్లలు పాత కారు కొంటారు. అక్కడి ఇన్సూరెన్సులో ఇక్కడిలాగా పరిమితి లేని బాధ్యత ఉండదు. మూడు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు టెక్సాస్ రాష్ట్రంలో కనీస పాలసీ 30/60/25. అంటే ఒక మనిషి గాయాలకు 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60 వేలు, ఆస్తినష్టానికి 25 వేలు. కాలిఫోర్నియాలో 2024 చివరిదాకా 15/30/5 ఉండేది. 2025 జనవరి 1 నుంచి 30/60/15 చేశారు.

అక్కడ ఒక ఆపరేషను, వారం రోజుల ఆసుపత్రి అంటే 30 వేల డాలర్లు దాటిపోవడం మామూలు. ఆ పైన పడినదంతా కారు నడిపినవాడి మీదే. ‘నేను స్టూడెంటును, నా దగ్గర ఏముంది?’ అని ఇక్కడి మాటే అక్కడా అంటారు. ఈ రోజు ఏమీ లేదు, నిజమే. రేపు ఉద్యోగం వస్తుంది కదా. కోర్టు తీర్పు ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో జీతంలోంచి కొంత కోత వేయవచ్చు. కేంద్ర చట్టం ప్రకారం చేతికొచ్చే జీతంలో నాలుగో వంతు దాకా. టెక్సాస్ వంటి కొన్ని రాష్ట్రాలు దీన్ని సాధారణంగా ఒప్పుకోవు. ఉద్యోగం ఏ రాష్ట్రంలో వస్తుందో ముందే ఎవరికి తెలుసు?

అందుకని అక్కడ అంబ్రెల్లా పాలసీ అని ఒకటి అమ్ముతారు. పేరుకు తగ్గట్టు గొడుగే. కారు పాలసీ, ఇంటి పాలసీ ఎక్కడ ఆగిపోతాయో అక్కడి నుంచి ఇది మొదలవుతుంది. మామూలుగా పది లక్షల డాలర్ల మెట్లుగా ఇస్తారు. కారు ప్రమాదాలే కాక, ఇంటికి వచ్చినవారు జారిపడినా, పెంపుడు కుక్క కరిచినా చాలావరకు వర్తిస్తుంది. లాయరు ఖర్చు కూడా కంపెనీయే భరిస్తుంది. మన సొంత గాయాలకు, కావాలని చేసిన పనులకు, వ్యాపారంలో వచ్చిన బాధ్యతకు ఇది పనికిరాదు.

ఎంత తీసుకోవాలి? నేను మూడు మెట్లుగా చెబుతాను.

మొదటి మెట్టు, కింద పాలసీ పెంచుకోవడం. కారు పాలసీ 250/500 దగ్గర ఉంటేగాని చాలా కంపెనీలు గొడుగు అమ్మవు. తరువాత ప్రీమియం తగ్గుతుందని కింద పాలసీని తగ్గించుకుంటే, మధ్యలో వచ్చే ఖాళీ మన జేబులోంచి పూడ్చుకోవాలి. గొడుగు దొరకని విద్యార్థి కనీసం 100/300 అయినా పెట్టుకోవాలి. కనీస పాలసీకి, దీనికి తేడా ఎంతో ఒక్కసారి అడిగి చూడండి. బాధ్యత మూడింతలు, అయిదింతలు అవుతుంది, ప్రీమియం అన్ని రెట్లు పెరగదు.

రెండో మెట్టు, పోగొట్టుకోగలిగింది లెక్క వేయడం. ఇంట్లో మన వాటా, బ్యాంకు నిల్వ, షేర్లు, రాబోయే కొన్నేళ్ల జీతంలో కోత పడగల భాగం. ఉద్యోగంలో కట్టే 401(కె) రిటైర్మెంటు ఖాతాకు కేంద్ర చట్టం రక్షణ ఇస్తుంది గనుక దాన్ని పక్కన పెట్టవచ్చు. వచ్చిన మొత్తాన్ని పై మెట్టుకు సరిచేసుకోండి. పదమూడు లక్షలు వస్తే ఇరవై లక్షల డాలర్లు.

మూడో మెట్టు, ఇంట్లో ప్రమాదం ఎంత ఉందో చూడటం. పదహారేళ్ల పిల్లలు కారు నడుపుతున్నారా? ఈత కొలను, కుక్క ఉన్నాయా? రోజూ ఎక్కువ దూరం డ్రైవింగు ఉందా? ఉంటే ఇంకో మెట్టు పైకి పోవచ్చు. మొదటి పది లక్షల డాలర్లకు ఏడాదికి సాధారణంగా కొన్ని వందల డాలర్లు అవుతుంది, తరువాతి మెట్లు ఇంకా చవక. ఇల్లు లేని ఒంటరి ఉద్యోగికి పది లక్షలు, ఇల్లు ఉండి పిల్లలు కారు నడిపే కుటుంబానికి ఇరవై లక్షలు, ఇది నా లెక్క. ఆస్తికి సరిగ్గా తూచినట్టు కొనవలసిన పని లేదు. దెబ్బ తిన్న కుటుంబం ఇన్సూరెన్సు సొమ్ముతో సరిపెట్టుకుని మన ఇంటి వైపు చూడనక్కర లేనంత ఉండాలి.

పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ కారు స్టీరింగు పట్టుకునే ముందు, మన లైసెన్సు ఆ రాష్ట్రంలో చెల్లుతుందా, పిల్లల పాలసీ మనకు వర్తిస్తుందా అని కంపెనీకి ఫోను చేయించి తెలుసుకోండి.

ఇంటికి వెళ్లి చేయవలసింది

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదని మన పెద్దలు చెప్పనే చెప్పారు. ఈ రోజు ఇంటికి వెళ్లగానే ఇంట్లో ఉన్న ప్రతి బండికి నాలుగు సంగతులు ఒక కాయితం మీద రాయండి. థర్డ్ పార్టీ గడువు తేదీ. ఆర్.సి.లో ఎవరి పేరు. ఎవరెవరు నడుపుతున్నారు, వారికి ఆ రకం బండికి లైసెన్సు ఉందా. ఎదురు మనిషి ఆస్తికి పరిమితి లక్షా, ఆరు వేలా. ఆ కాయితాన్ని కరెంటు బిల్లులు పెట్టేచోట అంటించండి. కాయితాలు తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉండి చదవడం కష్టమైతే ఆదివారం ఉదయాలు ట్రస్టు ఆఫీసుకు తీసుకురండి. నేను అక్కడే ఉంటాను, కూర్చుని చూద్దాం.

పిల్లలకు చివరిగా ఒక మాట. ఇన్సూరెన్సు మన ఇంటి సొమ్మును కాపాడటానికే అని నేను ఇంతసేపు చెప్పినట్టు అనిపించి ఉండవచ్చు. అందులో సగమే నిజం. నేను లెక్క కట్టి చూపిన ఆ 53 లక్షలు ఒక తల్లి ఇద్దరు పిల్లలను చదివించుకోవలసిన డబ్బు. మన దగ్గర పాలసీ లేకపోతే, ఉన్న ఇల్లు అమ్మినా ఆ సొమ్ము పూర్తిగా రాదు. అప్పుడు మనమూ మునుగుతాం, ఆ పిల్లల చదువూ ఆగిపోతుంది. ఇక్కడ వేతనం అందుకుంటున్న మీకు, చదువు ఆగిపోవడం అంటే ఏమిటో వేరే చెప్పక్కరలేదు. 714 రూపాయల కాయితం వాళ్ల కోసం కూడా.

నెమ్మదిగా నడపండి. బాగా చదువుకోండి.